మన ఊరి బస్టాండు డిజైన్‌ని విద్యార్థులకు అప్పగిద్దాం

మే, జూన్ నెలల్లో ఏ ఆర్కిటెక్చర్ కాలేజీకి వెళ్లినా కారిడార్ల నిండా డ్రాయింగ్ షీట్లు కనిపిస్తాయి. బీఆర్క్ ఐదో ఏడాది పిల్లలు పదో సెమిస్టర్‌లో చేసిన థీసిస్ ప్రాజెక్టులవి. బస్ టెర్మినల్, రైతు బజార్, జిల్లా గ్రంథాలయం, చెరువు గట్టు, కోర్టు భవనం, పాత బజారు వీధి. వీటిలో చాలావాటికి తీసుకున్న స్థలం నిజమైనది, కొలతలు నిజమైనవి. ఎండలో నిలబడి ట్రాఫిక్ లెక్కపెట్టడం, మున్సిపల్ రూల్స్ తిరగేయడం, అక్కడ బతికేవాళ్లతో మాట్లాడటం కూడా నిజంగా జరిగినవే. నెలల తరబడి ఒక విద్యార్థి ఒక ఊరి జాగా గురించే ఆలోచిస్తాడు. నిపుణులు కూర్చుని డిజైన్ మీద ప్రశ్నలడిగే జ్యూరీ అరగంటలో అయిపోతుంది. మార్కులు పడతాయి. మోడల్ కొన్నాళ్లు స్టోర్ రూములో ఉండి, కొత్త బ్యాచ్‌కి చోటు కావాల్సి వచ్చినప్పుడు చెత్తలోకి పోతుంది. ఏ ఊరి కోసం గీశారో ఆ ఊరి మున్సిపల్ కమిషనర్‌కి అలాంటి డిజైన్ ఒకటుందని కూడా తెలియదు.

అదే ఊళ్లో మున్సిపాలిటీ ఇంకోపక్క ఒక రేకుల షెడ్డు వేస్తుంటుంది. పాత ఎస్టిమేట్‌లో ఊరి పేరు మార్చి, రేట్లు సవరించి, టెండరు పిలిచి కట్టేస్తుంది. ఆ షెడ్డు తూర్పుకి తిరిగిందా, పడమరకి తిరిగిందా, వాన జల్లు ఎటునుంచి కొడుతుంది అన్నది ఎవరూ అడగరు.

ఈ రెండింటినీ కలపమని నేను అడుగుతున్నాను. మన పట్టణాల్లో కట్టే చిన్న ప్రభుత్వ భవనాలకీ, బస్ షెల్టర్లకీ, మార్కెట్లకీ, పార్కులకీ డిజైన్ పోటీ పెట్టాలి. ఆ పోటీలో ఆర్కిటెక్చర్ విద్యార్థులకి చోటివ్వాలి. గెలిచిన డిజైన్‌ని కట్టి తీరాలి. ప్రైజు ఇచ్చి, శాలువా కప్పి, ఫొటో దిగి పంపేసే పోటీలు ఇప్పటికే చాలా ఉన్నాయి. వాటివల్ల ఏ ఊరికీ ఒక్క గోడ కూడా లేవలేదు.

కిందటేడాది ఒక కాలేజీలో జ్యూరీ చూడటానికి పిలిస్తే వెళ్లాను. ఒక అమ్మాయి ఓ పట్టణ రైతు బజార్‌ని ప్రాజెక్టుగా తీసుకుంది. మొదటి షీట్ మీద భవనమే లేదు. తెల్లవారుజామున ఆటోల్లో కూరగాయలు తెచ్చుకున్న రైతులు గేటు తీసేదాకా ఎక్కడ నడుం వాలుస్తారో చూపించే మ్యాప్ అది. గోనెసంచుల మీద, ఏటీఎం మెట్ల మీద, మూసిన షాపుల ముందు. రెండో షీట్ మీద పొద్దున తొమ్మిదికీ, మధ్యాహ్నం పన్నెండుకీ, మూడింటికీ నీడ ఎక్కడ పడుతుందో గీసింది. ఆకుకూరలు అమ్మేవాళ్లు నీడతో పాటు రోజుకి రెండుసార్లు జాగా మారుతున్నారని అందులో తేలింది. నాకు బాగా నచ్చింది మూడో షీట్. దుకాణం అరుగు ఎత్తు రెండున్నర అడుగులు పెట్టింది. ఎందుకమ్మా అంటే, అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి కళ్లు, ఎదురుగా నిలబడి కొనేవాళ్ల కళ్లు ఒకే ఎత్తులో ఉండాలని చెప్పింది. నేల మీద కూర్చున్నవాళ్ల ముందుకి డబ్బులు విసురుతున్నారట, ఎదురుగా ఉన్నవాళ్లకైతే చేతికి ఇస్తున్నారట. నాలుగైదు మార్కెట్లు తిరిగి చూసి ఈ మాట చెప్పింది. ఆడవాళ్ల టాయిలెట్‌ని ప్రహరీ వెనక సందులోంచి తీసి, జనం ఎప్పుడూ ఉండే టీకొట్టు పక్కన వెలుగులో పెట్టింది.

జ్యూరీలో మొదటి ప్రశ్న, "నీ కాన్సెప్ట్ ఏంటి?" రెండోది, "ఎలివేషన్ (భవనం ముందువైపు రూపం) ఐకానిక్‌గా లేదు కదా?" ఆ అమ్మాయి తడబడింది. దేన్నుంచైనా స్ఫూర్తి పొందానని, కమలం రేకులనో, ఎగిరే పక్షినో చూపించి ఉంటే మార్కులు బాగా పడేవి. కూరగాయలమ్మే మనిషి కంటి ఎత్తుని కాన్సెప్ట్ అని ఒప్పుకోవడానికి అక్కడ ఎవరూ సిద్ధంగా లేరు. ఆ గదిలో ఒక్క రైతు ఉన్నా తీర్పు వేరేగా ఉండేది. అందుకే ఇది కేవలం మున్సిపాలిటీల సమస్య అనుకోకండి. పబ్లిక్ భవనాన్ని పబ్లిక్ లేకుండా దిద్దే అలవాటు కాలేజీల్లోనే మొదలవుతోంది.

విద్యార్థి గీసిన డిజైన్ దేశం మొత్తం గర్వపడే కట్టడం అవుతుందా అంటే, అయింది. వియత్నాం యుద్ధంలో చనిపోయిన సైనికుల కోసం వాషింగ్టన్‌లో స్మారకం కట్టడానికి 1980-81లో పోటీ పెట్టారు. ఎంట్రీల మీద పేర్లు ఉండకూడదు, నంబర్లు మాత్రమే. 1,421 డిజైన్లు వచ్చాయి. జ్యూరీ ఎంచుకున్న 1026 నంబరు ఎవరిదా అని చూస్తే మాయా లిన్ అనే 21 ఏళ్ల అమ్మాయిది. యేల్ యూనివర్సిటీలో ఇంకా చదువుకుంటోంది. క్లాసులో ఇచ్చిన ఎక్సర్‌సైజుగా మొదలైన డిజైన్ అది, క్లాసులో దానికి వచ్చింది బీ గ్రేడు. నేలలోకి దిగినట్టుండే రెండు నల్ల గ్రానైట్ గోడలు, వాటి మీద చనిపోయినవాళ్ల పేర్లు, అంతే. విగ్రహం లేదు, గోపురం లేదు, జెండా స్తంభం లేదు. పెద్ద గొడవ జరిగింది. మాజీ సైనికుల్లోనే కొందరు దాన్ని సిగ్గుచేటు అన్నారు. అయినా 1982 నవంబర్‌లో ప్రారంభమైంది. ఇప్పటికీ జనం ఆ గోడ దగ్గరికి వచ్చి, తమవాళ్ల పేరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఇంటికి తీసుకెళ్తున్నారు. 58 వేలకు పైగా పేర్లున్న ఆ గ్రానైట్ వెళ్లింది మన పక్కనున్న కర్ణాటక నుంచే.

అక్కడ పని చేసింది పేర్లు లేకపోవడం. పేరు, వయసు, టర్నోవర్, పాత ప్రాజెక్టుల జాబితా అడిగి ఉంటే మాయా లిన్ మొదటి వడపోతలోనే పోయేది. మన టెండర్ నోటీసులు చూడండి. గత మూడేళ్ల టర్నోవర్ ఎంత, ఇలాంటి పనులు ఎన్ని చేశారు, ఫీజు ఎంత తక్కువకి చేస్తారు అనే అడుగుతారు. డిజైన్ ఎలా ఉందన్న ప్రశ్న చివర్న వస్తుంది, లేదా రానే రాదు.

మన దేశంలో ఇలాంటివి కుదరవనే మాట కూడా నిలవదు. ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకానికి పోటీ పెట్టే డిజైన్ ఎంచుకున్నారు. గెలిచింది చెన్నైకి చెందిన వీబీ డిజైన్ ల్యాబ్. సైనికుల స్మారకానికి కుదిరింది వార్డు లైబ్రరీకి ఎందుకు కుదరదు?

మన దగ్గర జరిగింది వేరు. అమరావతి ప్రభుత్వ భవనాలకి పోటీ పెట్టినప్పుడు ఆహ్వానించింది మూడు పెద్ద సంస్థల్ని. 2016లో జపాన్‌కి చెందిన మాకీ సంస్థని ఎంచుకున్నారు, ఆ డిజైన్ మీద విమర్శలొచ్చాక లండన్‌లోని నార్మన్ ఫోస్టర్ సంస్థకి ఇచ్చారు, ఆ తర్వాత సినిమా దర్శకుడు రాజమౌళి సలహా కూడా తీసుకున్నారు. 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విజయవాడలోనే ఉంది. జాతీయ ప్రాధాన్య సంస్థ హోదా ఉన్న కాలేజీ. హైకోర్టు భవనాన్ని విద్యార్థులు గీయాలని నేను అనడం లేదు. రాజధానిలో ఒక్క బస్ స్టాపైనా, ఒక్క అంగన్‌వాడీ అయినా, ఒక్క పార్కు అయినా వాళ్ల ముందు పెట్టి 'మీరేం చేస్తారు?' అని అడగాల్సింది.

తెలంగాణలో కొత్త జిల్లాలకి కట్టిన సమీకృత కలెక్టరేట్లు చాలావరకు ఒకే పోలికతో ఉంటాయి. వికారాబాద్ గాలికీ, కొత్తగూడెం ఎండకీ ఒకే రకం ముఖం. ఆంధ్రలో గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు, క్లినిక్కులు వేల సంఖ్యలో టైప్ డిజైన్ మీద, అంటే అన్నిచోట్లా ఒకే నమూనా ప్లాన్ మీద కట్టారు. అక్కడ పంచాయతీ భవనాలకి వేసిన పార్టీ రంగుల మీద 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాం. ఆ రంగుల వెనకున్న గదిలో కిటికీ ఏ దిక్కుకుంది, పింఛను కోసం వచ్చిన ముసలాయన ఎక్కడ కూర్చుంటాడు, క్యూ ఎండలోకి వెళ్తుందా అనేదాని మీద అసెంబ్లీలో గానీ టీవీల్లో గానీ చర్చే నడవలేదు. టైప్ డిజైన్ చెడ్డదేం కాదు. దాన్ని ఏ స్థలంలో ఎటు తిప్పి పెట్టాలో ఆలోచించే మనిషి లేకపోవడం అన్యాయం. ఒకే ప్లాన్‌ని పడమర ముఖంగా పెడితే వరండా మధ్యాహ్నం నుంచి పొయ్యిలా కాలుతుంది.

అనుభవం లేని పిల్లల చేతికి ప్రజల డబ్బూ ప్రాణాలూ ఇస్తామా అంటారు. 1972 ఆర్కిటెక్ట్స్ యాక్ట్ ప్రకారం రిజిస్టర్ కానివాళ్లు ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవడానికే వీల్లేదు కదా అంటారు. న్యాయమైన మాటలే. జవాబు కూడా వాషింగ్టన్‌లోనే ఉంది. మాయా లిన్ డిజైన్‌ని కూపర్-లెకీ అనే అనుభవమున్న సంస్థ వర్కింగ్ డ్రాయింగులుగా, అంటే కట్టడానికి పనికొచ్చే వివరమైన ప్లాన్లుగా మార్చి బాధ్యత తీసుకుంది. ఇక్కడా అలాగే రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం పెడతారు. విద్యార్థులతో ఉచితంగా పని చేయించుకునే దారి అవుతుందన్న భయం ఇంకా గట్టిది. అందుకే గెలిచినవాళ్లకి మిగతా ఆర్కిటెక్టులకి ఇచ్చే ఫీజే ఇవ్వాలని ముందే రాసుకోవాలి.

అమెరికాలోనే ఆబర్న్ యూనివర్సిటీ 1993 నుంచి రూరల్ స్టూడియో పేరుతో ఒక కోర్సు నడుపుతోంది. అలబామా రాష్ట్రంలో నిరుపేద ప్రాంతమైన హేల్ కౌంటీలో విద్యార్థులే గీసి, విద్యార్థులే కడతారు. న్యూబర్న్ అనే చిన్న ఊళ్లో ఫైర్ స్టేషన్, టౌన్ హాల్, లైబ్రరీ అలా వచ్చినవే. తాము గీసిన తలుపుని తామే బిగించినవాళ్లు తర్వాత ఎక్కడ పనిచేసినా ఆ తలుపు తెరిచేవాళ్లని మర్చిపోరు.

నా అసలు బాధ నీడ గురించి. మన రాష్ట్రాల్లో ఫిబ్రవరి చివర్నుంచి జూన్ దాకా బయట తిరిగే మనిషికి మంచినీళ్ల తర్వాత కావాల్సింది నీడే. దాన్ని ప్రభుత్వ సేవగా ఎవరూ లెక్కించరు. ఏ బస్ షెల్టర్ దగ్గరైనా మధ్యాహ్నం రెండింటికి ఆగి చూడండి. పైకప్పు పదడుగుల ఎత్తులో ఉంటుంది, వెడల్పు నాలుగడుగులు ఉండదు. సూర్యుడు కాస్త వాలగానే నీడ వెనక డ్రైనేజీ మీద పడుతుంది. రెండు పక్కలా అడ్వర్టైజ్‌మెంట్ బోర్డులు గాలిని ఆపేస్తాయి, వచ్చే బస్సుని కనపడనివ్వవు. స్టీలు కుర్చీ కాలిపోతుంటే ఎవరూ కూర్చోరు. జనం పక్కనున్న జిరాక్స్ షాపు చూరు కింద నిలబడతారు. బస్సు కూడా వాళ్లని చూసి అక్కడే ఆగుతుంది.

నీడ పెట్టడం మనకి చేతకాని విద్య కాదు. ఇంటి ముందు అరుగు కట్టి, దారిన పోయేవాడు కూర్చోవడానికి ఇచ్చినవాళ్లం. ఎండాకాలం రాగానే తాటాకు పందిరి వేసి చలివేంద్రం పెట్టినవాళ్లం. హైదరాబాద్‌లో 1935 నాటి మొజంజాహీ మార్కెట్లో ఇప్పటికీ మధ్యాహ్నం పూట ఆ లోతైన రాతి వరండాలో నిలబడితే బయటి ఎండ తెలుస్తుంది గానీ తగలదు. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని కట్టేముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని విదేశీ యూనివర్సిటీలు చూసి రమ్మని పంపారు. కాలేజీ ఎలా ఉండాలో తెలుసుకోవడం కూడా ప్రభుత్వం పనే అని అప్పటి పాలకులు అనుకున్నారు. నిజాం ఖజానా మన మున్సిపాలిటీకి లేదు, నిజమే. కానీ ఎండ ఏ గంటకి ఎక్కడ పడుతుందో లెక్కగట్టడం ఆర్కిటెక్చర్ విద్యార్థి మొదట్లోనే నేర్చుకునే పాఠం. దానికి ఖజానా అక్కర్లేదు, అడిగేవాళ్లుండాలి.

కావాల్సినవి పెద్ద పనులేం కాదు. తొమ్మిదో సెమిస్టర్ మొదలయ్యే జులై నాటికి రెండు రాష్ట్రాల పురపాలక శాఖలూ తాము ఆ ఏడాది కట్టబోయే చిన్న భవనాల జాబితాని సైట్ సర్వే, బడ్జెట్‌తో సహా కాలేజీలకి పంపాలి. విద్యార్థులు స్టూడియో ప్రాజెక్టుగా అందులోంచే ఎంచుకుంటారు. మే నెల జ్యూరీ మున్సిపల్ ఆఫీసు హాల్లో జరగాలి, తలుపులు తెరిచి. షీట్ల మీద నంబర్లే ఉండాలి. దిద్దేవాళ్లలో ఇద్దరు ఆర్కిటెక్టులు, మున్సిపల్ ఇంజినీరుతో పాటు ఒక బస్ కండక్టర్, ఒక కూరగాయల వ్యాపారి, వీల్‌చైర్ వాడే ఒక మనిషి ఉండాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, ర్యాంపు మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల భవనం అయిపోయాక గుర్తొచ్చి అతికించిందే. ఆ మనిషి జ్యూరీలో కూర్చుంటే అది మొదటి షీట్ మీదే కనిపిస్తుంది.

మొదటి ఏడాదికి జిల్లాకి ఒకే ఒక్క పని చాలు. నన్నడిగితే బస్ షెల్టర్‌తో మొదలుపెట్టమంటాను. ఖర్చు తక్కువ, వానాకాలం వెళ్లాక మొదలుపెడితే తర్వాతి ఎండాకాలానికి అయిపోతుంది, బాగుందో లేదో వాడేవాళ్లు వారంలో చెప్పేస్తారు. దాన్ని ఆనుకుని, వీధి దీపం కింద, ఆడవాళ్లకి, తాళం వేసి మూసేయని టాయిలెట్ ఒకటి ఉండాలన్నది మాత్రం పోటీ నిబంధనల్లోనే రాయాలి.