గ్యాస్‌నూ కార్బైడ్‌నూ ఒకే గాటన కట్టకండి

మామిడికాయల సీజన్ మొదలైతే చాలు, మా ఫ్యామిలీ గ్రూపులో అదే వీడియో మళ్లీ తిరుగుతుంది. గోడౌన్‌లో ఇథిలీన్ గ్యాస్ పెట్టి మగ్గబెడుతున్నారట, కింద ఎర్రక్షరాలతో "విషం తినకండి" అని. మొన్న పిన్ని ఫోన్ చేసి "ఒరేయ్, ఈసారి బంగినపల్లి జోలికే పోవట్లేదు" అంది. పిన్నీ, ఆ గ్యాస్ కాయే విడుస్తుంది! అమ్మమ్మ అటక మీద వరిగడ్డిలో కాయలు పేర్చి, పొద్దున్నే ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కి చూసేది గుర్తుందా? గడ్డి వేడిగా ఉంచుతూ, ఆ గ్యాస్‌ను బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచేది. అంతే.

ఇథిలీన్ హార్మోన్. కానీ అదే వెళ్లి పిండిని చక్కెరగా మార్చదు. ఇక్కడే నాకు భలే నచ్చే సంగతుంది, కాస్త ఓపిక పట్టండి. కణంలో ఈఐఎన్3 అని ఒక ప్రొటీన్ ఉంటుంది. డీఎన్‌ఏను పట్టుకుని జన్యువుల్ని లేపడం దాని పని. కణం దాన్ని తయారు చేస్తూనే ఉంటుంది, ఎప్పటికప్పుడు ముక్కలు చేసి పారేస్తూనే ఉంటుంది. పారేయమనే ఆర్డర్ మొదలయ్యేది ఇథిలీన్‌ను పసిగట్టే ప్రొటీన్ల దగ్గరే, అంటే రిసెప్టర్ల దగ్గరే, అదీ గ్యాస్ లేనప్పుడు! గ్యాస్ వచ్చి రిసెప్టర్‌లోని రాగి అయాన్‌కు అతుక్కోగానే ఆ ఆర్డర్ ఆగిపోతుంది. ఈఐఎన్3 పోగుపడి డీఎన్‌ఏ మీద వాలుతుంది, ఈఆర్ఎఫ్1 లాంటి ప్రొటీన్ల జన్యువుల్ని లేపుతుంది. అవి కూడా డీఎన్‌ఏను పట్టుకుని మరిన్ని జన్యువుల్ని లేపేవే. ఇదంతా తేలింది అరబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్కలో. టమాటాలో అయితే రిన్ అని ఇలాంటి ప్రొటీనే ఇంకొకటి ఉంది. దాని జన్యువు తేడా చేసిన కాయల్ని ఇథిలీన్‌లో పెట్టినా మామూలు టమాటాలా పండవు.

కార్బైడ్ కథ వేరు. బుట్ట అడుగున కాగితం పొట్లంలో పెట్టే ఆ బూడిదరంగు రాళ్లకు తేమ తగిలితే ఎసిటిలీన్ అనే వేరే గ్యాస్ వస్తుంది. అదీ ఆ రిసెప్టర్‌నే మోసం చేస్తుంది కాబట్టి కాయ రంగు తిరుగుతుంది. కానీ బజారు కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. అందుకే మన దేశంలో దాన్ని నిషేధించారు. ఇథిలీన్ గ్యాస్‌కు మాత్రం 100 పీపీఎం వరకు, అంటే పది లక్షల పాళ్లలో వంద పాళ్ల వరకు, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి ఉంది. వీడియోలు తీసేవాళ్లకు ఈ రెండూ "కెమికల్సే".

నా కోపం గ్యాస్ మీద కాదు, టెంక ముదరకముందే కోసేసేవాళ్ల మీద. లేత కాయకు గ్యాస్ పెడితే తొక్క పసుపు రంగుకు తిరుగుతుంది. లోపల చక్కెరగా మారడానికి సరిపడా పిండే చేరలేదాయె, తీపి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉగాదికి ముందే డజను తెచ్చాను. "రెండ్రోజులుంచండి సార్, తేనే" అన్నాడు బండి అతను. ఆరు రోజులుంచాను. తొక్క ముడతలు పడింది, కోస్తే టెంక చుట్టూ తెల్లగా, పుల్లగా. పప్పులో వేశాం.