ల.సా.గు.కీ క.సా.గు.కీ మధ్య ఒక ట్యూషన్

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆరో తరగతి చదివే ఒక తెలుగింటి పిల్లాడు నోటుబుక్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఒడియా అక్షరాల్లో ‘ల.సా.గు.’ అని రాసి ఉంది. పక్కనే వాళ్ల అక్క, ఏరు దాటి పాతపట్నంలో చదువుకున్న పిల్ల, ‘‘అది క.సా.గు. రా’’ అంటోంది. ఇద్దరూ చెప్పేది ఒకటే. క.సా.గు. అంటే కనిష్ఠ సామాన్య గుణిజం. మనం కనిష్ఠం అన్నదాన్ని ఒడియాలో లఘిష్ఠం అంటారు. అసలు చిక్కు గ.సా.భా., అంటే గరిష్ఠ సామాన్య భాజకం దగ్గర వచ్చింది. ఒడియాలో దాని పేరు గ.సా.గు. రెండు పేర్లకూ చివర ‘గు’ ఉండేసరికి వాడి బుర్రలో రెండూ కలిసిపోయాయి. 12, 18 గుణిజాలు వరసగా రాయమంటే మాత్రం టకటకా రాసి 36 దగ్గర ఆగాడు. లెక్క వచ్చు, పేరు దగ్గర తప్పాడు.

ఇక్కడ ఉద్యోగం మానేసి ట్యూషన్ పెట్టుకోవాలనుకునే మాస్టార్లకు, మేడమ్‌లకు నేను మొదట చెప్పేది ఈ సంగతే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం లాంటి ఊళ్లలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, అమ్మానాన్నల ఆశ ఇంగ్లిష్. ఈ మూడింటి మధ్య పిల్లాడి చేయి పట్టుకుని నడిపించే మనిషి కరువు. విశాఖ కోచింగ్ సెంటర్ల బోర్డులు చూసి వాటిలాంటిదే ఇక్కడా పెడదామనుకుంటే నష్టపోతాం. ర్యాంకుల కోసం వెళ్లేవాళ్లు ఎలాగూ రైలెక్కి వెళ్లిపోతారు. మిగిలేది మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలు. మన పని వాళ్లతోనే.

ఉద్యోగంలో ఉంటూనే సాయంత్రం పూట మొదలుపెడదామని చాలామంది అనుకుంటారు. నాకూ ఆ ఆలోచన వచ్చింది. నేను పనిచేసిన ఒక ప్రైవేటు బడిలో మూడు నెలల జీతం ఆగిపోయినప్పుడు ఇంట్లో టెన్షన్ అంతా ఇంతా కాదు. అయినా విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఉపాధ్యాయులెవరూ ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని సూటిగా అంటోంది. చట్టాన్ని పక్కన పెట్టినా, పొద్దున క్లాసులో సగం చెప్పి మిగతా సగం సాయంత్రం అమ్ముతున్నాడన్న మాట పడితే ఈ చిన్న ఊళ్లలో తల ఎత్తుకోలేం. కాబట్టి ముందు రాజీనామా, తర్వాతే బోర్డు. చేతిలో కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు ఉంచుకుని దిగాలి.

లెక్క కూడా వేసుకుందాం. బ్యాచ్‌కి 12 మంది, రెండు బ్యాచ్‌లు, నెలకు తలా 500 అనుకుంటే 12,000. ఏడాదిలో పది నెలలు నడిస్తే లక్షా 20 వేలు. సొంత ఇంటి వరండాలో అయితే గడుస్తుంది, గది అద్దెకు తీసుకుంటే గడవదు. జీఎస్టీ బెంగ ఇప్పట్లో అక్కర్లేదు, సేవలకు ఆ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షలు దాటితేనే. చిన్న వ్యాపారాలు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

పెద్దది చేద్దామనుకునేవాళ్లు ఒక విషయం చూసుకోవాలి. 2024 జనవరిలో కేంద్రం రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల ప్రకారం 50 మందికి మించితే అది కోచింగ్ సెంటర్. అప్పుడు 16 ఏళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోకూడదు. మనకొచ్చేదేమో పదేళ్ల పిల్లలు. చిన్నగా ఉండడమే మనకు మంచిదని నేననుకోవడానికి ఇదొక కారణం. రెండో కారణం, 12 మందికి మించితే ఎవరు ఏ మాట దగ్గర ఆగిపోయారో కనిపించదు.

ఈ పని ఈ ఊరికి కొత్తది కాదు. పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి, సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలని ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో వాళ్లకు బడి నడిపారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి ఈ ఊరు అటు వెళ్లాక తెలుగు పిల్లలది కూడా కొంతవరకు అదే పరిస్థితి అయింది, ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో ఉంది. రేపు సాయంత్రం హోమ్‌వర్క్ చేయాల్సిన పిల్లాడికి మాత్రం అధికరణం సరిపోదు, అర్థమయ్యే భాషలో చెప్పే మనిషి కావాలి.

అలాగని ఒడియాను తక్కువ చేయకండి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే ఒడియా చదవడం, రాయడం రావాల్సిందే. మాస్టారికి ఒడియా అంతంతమాత్రమైతే ముందు ఆ పుస్తకాలు తాను చదువుకోవాలి. తెలుగులో అర్థం చెప్పి, జవాబు ఒడియాలో రాయించాలి. నేను పేజీ మధ్యలో గీత కొట్టిస్తాను. ఎడమ పక్క ఒడియా మాట భగ్నాంశం, కుడి పక్క తెలుగు మాట భిన్నం. ఎడమ పక్క భాగశేషం, కుడి పక్క శేషం. నెల తిరిగేసరికి సగం భయం పోతుంది.

ఫీజు విషయంలో మొహమాటం వద్దు. ‘‘మాస్టారూ, జీడిపిక్కలు అమ్మాక ఇస్తామండి’’ అంటే ఒప్పుకోండి, కానీ బాకీ పుస్తకంలో రాసి వాళ్లకు చదివి వినిపించండి. సెలవులు కూడా ముందే చెప్పేయండి. ఒడియావాళ్ల రజ పండగకీ ఇవ్వాలి, మన సంక్రాంతికీ ఇవ్వాలి.

ఆదివారం ఒక గంట తెలుగు అక్షరాలు నేర్పమని అడిగే తల్లులు ఉంటారు. వాళ్లలో కొందరికి తమకే తెలుగు చదవడం రాదు. ఆ గంటకు నేను ఫీజు తీసుకోను, మీరు తీసుకున్నా తప్పులేదు. పిల్లల పక్కన ఆ తల్లులకూ చోటు ఉంచండి, పలకలు రెండు మూడు ఎక్కువ కొని పెట్టుకోండి.