నాలుగు వందల మెసేజ్‌ల్లో సీటు మాటే లేదు

2025 నవంబరు 26, బుధవారం రాత్రి మా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్ మ్యాచ్. మన గడియారంలో గురువారం తెల్లవారుజాము. ఒంటిగంటన్నరకు మొదలైంది, మూడు దాటాక నెదర్లాండ్స్ క్లబ్బు పీఎస్‌వీ వాళ్ళు నాలుగో గోలు కొట్టారు. మా సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 1-4. అంతకు నాలుగు రోజుల ముందు అదే గడ్డ మీద నాటింగ్‌హామ్ ఫారెస్ట్ వాళ్ళు వచ్చి మూడు కొట్టి పోయారు, మనది సున్నా. పన్నెండు మ్యాచ్‌ల్లో తొమ్మిది ఓటములు. టీవీ కట్టేసి, ఇంట్లో ఎవరూ లేవకుండా పిల్లిలాగా వంటింట్లోకి పోయి నీళ్ళు తాగి వచ్చేసరికి మా లివర్‌పూల్ వాట్సాప్ గ్రూపు మండిపోతోంది.

గ్రూపులో ఉండేది పదకొండు మందిమి. అనంతపురంలో ఏడుగురం, ధర్మవరంలో ఇద్దరు, గుత్తిలో ఒకడు, దుబాయ్‌లో ఒకడు. ఇంతమందే ఉన్నా పొద్దున ఏడింటికి చూస్తే నాలుగు వందల పైన మెసేజ్‌లు. అన్నిటి సారం ఒక్కటే: కోచ్ స్లాట్‌ను పీకేయాలి. ఎప్పుడు పీకాలనే దాని మీదనే తగాదా. ఈ రాత్రేనా, ఆదివారం వెస్ట్ హామ్ మ్యాచ్ అయినాకనా? ధర్మవరం తమ్ముడు అయితే కొత్త కోచ్‌కు కాంట్రాక్టు కూడా రాసేశాడు, జీతంతో సహా.

నా మాట ముందే చెప్పేస్తాను, తిట్టేవాళ్ళు ఇక్కడే తిట్టుకోండి. స్లాట్ ఉండాలో పోవాలో నాకు పెద్ద పట్టింపు లేదు. పోయిన ఏడాది ఇదే మనిషి, కొత్తగా కీసా ఒక్కడిని తెచ్చుకుని, మిగతా అంతా పాత కోచ్ క్లాప్ వదిలిపోయిన జట్టుతోనే ఇరవయ్యో లీగ్ టైటిల్ కొట్టించాడు. ఏప్రిల్ 27న స్పర్స్‌ను 5-1తో కొట్టిన రోజు ఇదే గ్రూపులో ఆయన ఫోటోకు దండ వేసి పెట్టారు, బతికున్న మనిషికి! ఈ వేసవిలో 40 కోట్ల పౌండ్ల పైన పోసి కొన్నారు, ఇసాక్ ఒక్కడికే పన్నెండున్నర కోట్ల పౌండ్లు. అయినా ఆట అతకలేదు. అది ఆయన తప్పే. కానీ జూలై 3న మా ఆటగాడు జోటా కారు ప్రమాదంలో పోయాడు. పెళ్ళయి రెండు వారాలు కూడా కాలేదు. ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో ఈ ఏడాది ఎవరి మనసు ఎట్లా ఉందో అనంతపురం పాతూరులో కూర్చుని నేను తీర్పు చెప్పలేను. అంతే, స్లాట్ సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను.

నా గొడవ వేరే. నాలుగు వందల మెసేజ్‌ల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా ఆ మైదానం గురించి లేదు. ఎందుకు లేదంటే మనం టికెట్ కొనం కాబట్టి. మనకు ఆ క్లబ్బుతో ఉన్న చుట్టరికం ఒక తెర, ఒక రీఛార్జి. తెర మీద పదకొండు మంది ఆటగాళ్ళు, గీత పక్కన ఒక బట్టతల మనిషి కనిపిస్తారు. కనిపించేవాడిని తిడతాం. ఇంకో తమాషా వినండి. శనివారం మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్‌లను ఇంగ్లండ్‌లో టీవీలో లైవ్ ఇవ్వరు, చిన్న క్లబ్బుల మైదానాలకు జనం రావాలని ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు అది. ఆన్‌ఫీల్డ్ గోడ పక్కన ఇల్లున్నవాడికి టికెట్ లేకపోతే ఆ మ్యాచ్ చూసే దారి లేదు. అనంతపురంలో నేను మాత్రం ఉగ్గాని బజ్జీ తింటూ హాయిగా చూస్తాను. ఇక బాధ ఎవరిది, అరుపు ఎవరిది?

అసలు ఈ క్లబ్బు పుట్టిందే మైదానం గొడవ నుంచి. ఇది మా గ్రూపులో సగం మందికి తెలియదు. ఆన్‌ఫీల్డ్ మొదట ఎవర్టన్ వాళ్ళది. 1884 నుంచి వాళ్ళే అక్కడ ఆడారు. అద్దె దగ్గర జాన్ హౌల్డింగ్ అనే పెద్దమనిషితో పేచీ వచ్చి 1892లో లేచి గుడిసన్ పార్కుకు పోయారు. హౌల్డింగ్ చేతిలో ఖాళీ మైదానం మిగిలింది. ఆయన దాంట్లో ఆడించడానికి ఒక కొత్త జట్టు కట్టాడు. అదే లివర్‌పూల్. అంటే ముందు మైదానం, తర్వాత క్లబ్బు. అందరూ తలుచుకునే మేనేజర్ షాంక్లీ వచ్చింది కూడా 1959లో. కోచ్‌లందరూ ఆ గడ్డకు అద్దెకొచ్చినవాళ్ళే.

ఆ గడ్డను పెంచుతూ పోయినప్పుడల్లా పక్కన ఎవరిదో ఒక ఇల్లు పోయింది. దీన్ని నేను పుస్తకంలో చదివి ఊరుకునేవాడినే. మా నాయన షాపు వల్ల ఊరుకోలేకపోతున్నాను.

మా నాయన టైలర్. పాతూరులో పద్నాలుగు అడుగుల లోతున్న షాపు, రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల. పదకొండేళ్ళ కిందట ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరు వచ్చి, గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత, ఒక బాణం గుర్తు, పక్కన ఒక అంకె వేసి పోయారు. రోడ్డు వెడల్పు చేస్తారంట. వాళ్ళు అటు పోగానే మా నాయన మెడలో టేపు తీసి తనే కొలిచాడు. ఏడడుగుల మూడంగుళాలు పోతుంది. సగానికి సగం! కటింగ్ బల్ల కూడా పట్టదు. సరే, పోతే పోయింది, డబ్బులిస్తే ఇంకో చోట చూసుకుంటాం అనుకున్నాం. పదకొండేళ్ళు. కొట్టరు, వదలరు. పైకప్పు కారుతోంది, రిపేరు చేయిస్తే రేపు కొట్టేస్తారేమో అని భయం. బోర్డు మార్చలేదు. అద్దెకిద్దామంటే గీత చూసి ఎవరూ రారు. ప్రతి సంక్రాంతికి మా నాయన గోడకు సున్నం కొట్టిస్తాడు, ఆ ఎర్ర గీత ఉన్న మూరెడు చోటు వదిలేసి. "దాని మీద కొడితే మళ్ళీ కేసంటారు, మనకేంటికప్పా" అంటాడు.

ఇప్పుడు లోథెయిర్ రోడ్డు కథ వినండి. ఆన్‌ఫీల్డ్ మెయిన్ స్టాండ్ వెనకాల వీధి. పెంచాలంటే ఆ ఇళ్ళు కావాలి. క్లబ్బు 1990ల నుంచి ఒక్కో ఇల్లూ కొనుక్కుంటూ పోయి, కొన్నవాటిని ఖాళీగా పెట్టి కిటికీలకు రేకులు కొట్టేసింది. పక్కిల్లు పాడుబడితే నీ ఇంటికి ధర ఎక్కడిది? మధ్యలో పక్కనున్న స్టాన్లీ పార్కులో కొత్త స్టేడియం కడతామన్నారు. 2007లో వచ్చిన అమెరికా యజమానులు అరవై రోజుల్లో పార దింపుతామని చెప్పారు. ఆ పార దిగనే లేదు. 2010లో యజమానులు మారారు, 2012లో ఇక్కడే ఉండి పెంచుదామన్నారు, 2016కు మెయిన్ స్టాండ్ లేచింది. 45 వేల మైదానం 54 వేలయింది. ఆ ఇరవై ఏళ్ళు రేకులు కొట్టిన ఇళ్ళ మధ్య బతికిన ముసలివాళ్ళను తలుచుకుంటే నాకు మా గోడ మీది గీతే గుర్తుకొస్తుంది.

ఇంకా వెనక్కి పోతే కెమ్లిన్ రోడ్డు. ఇప్పుడు డాల్‌గ్లీష్ పేరున్న స్టాండ్ వైపు. అక్కడ ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఇంటి నంబరు 26. వీధిలో అందరూ అమ్మేసి పోయినా వాళ్ళు అమ్మలేదు. అప్పటికి యూరప్ కప్పులు గెలిచిన క్లబ్బు, దేశంలోనే పెద్ద క్లబ్బు. ఆ ఒక్క ఇంటి కోసం 1990 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ స్టాండు పై అంతస్తు తెరిచింది 1992లో. ఈలోపల ఎంతమంది మేనేజర్లు మారారో లెక్కపెట్టుకోండి. పైస్లీ పోయాడు, ఫేగన్ వచ్చి పోయాడు, డాల్‌గ్లీష్ ఆడుతూనే మేనేజరయ్యాడు, 1991లో ఆయనా దిగిపోయాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ళకు పెద్ద పెద్ద లాయర్లెవరైనా ఉన్నారో లేదో గానీ, అంత పెద్ద క్లబ్బు వాళ్ళ గుమ్మం ముందు నిలబడిపోయింది.

ఇక మనందరం టీవీలో చూసిన ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్. 2021 సెప్టెంబరులో క్లాప్ చేతికి పార ఇచ్చి భూమిపూజ చేయించారు. అక్కడ స్టాండు కోసం రోడ్డునే వంచి చుట్టూ తిప్పారు. మన దగ్గర రోడ్డు కోసం షాపును వంచుతారు, అంతే తేడా. 2023 వేసవికి అయిపోవాలి. సీజన్ మొదలైన నెలలోనే కాంట్రాక్టు కంపెనీ దివాలా తీసింది. సగం కట్టిన పై అంతస్తు ఖాళీగా, ఇనప చువ్వలతో, ప్రతి మ్యాచ్‌లోనూ గోలు వెనక కనిపించేది. డిసెంబరులో మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్‌కు కొంత తెరిచారు, ఫిబ్రవరిలో బర్న్‌లీ వచ్చేసరికి దగ్గర దగ్గర 60 వేల మంది కూర్చున్నారు. సరిగ్గా ఆ రెండింటి మధ్య, జనవరి 26న, క్లాప్ నాలో శక్తి అయిపోతోంది, వెళ్ళిపోతున్నాను అన్నాడు. పందిరి వేసే పని ముగియకముందే పెళ్ళికొడుకు పెట్టె సర్దుకున్నట్టు! నేను ఆరోజు షాపులో కూర్చుని ఫోను చూస్తూ ఏడ్చాను. కాజాలు కుట్టించుకోవడానికి వచ్చిన ఆవిడ "ఎవరన్నా పోయినారా సామీ" అని అడిగింది. "మా మేనేజర్" అన్నాను. "ఏ బ్యాంకులో?" అంది.

ఆ వీడ్కోలు పాటల్లో ఒక సంగతి మాత్రం అందరం మరిచిపోయాం. అదే వసంతంలో టికెట్ ధర రెండు శాతం పెంచారు. ఏప్రిల్‌లో అటలాంటా మ్యాచ్‌కు, గోలు వెనక కాప్ అనే స్టాండ్‌లో ఉండే అభిమానులు జెండాలు తేలేదు. ఎప్పుడూ ఎర్ర సముద్రంలా ఉండే ఆ వైపు ఆరోజు బోడిగా ఉంది. మ్యాచ్ 0-3 ఓడాం. మా గ్రూపులో ఏమన్నారో తెలుసా? "క్లాప్ చివరి సీజన్‌లో ఇదేం పని, జట్టు మూడ్ చెడగొట్టారు" అని. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, వెతికి చూసుకున్నాను, ఇంకా ఉంది ఆ మెసేజ్.

కానీ అభిమానులు యజమానుల చేత తప్పు ఒప్పించింది ఎప్పుడు? ఒకసారి 2016లో. మెయిన్ స్టాండ్ కడుతున్నారు, కొత్త సీట్లలో ఖరీదైనది 77 పౌండ్లన్నారు, అప్పటి లెక్కలో ఏడు వేల రూపాయలకు పైమాట. ఫిబ్రవరి 6, సండర్లాండ్‌తో మ్యాచ్. 2-0 మీద ఉన్నాం. 77వ నిమిషం రాగానే దాదాపు పదివేల మంది లేచి బయటికి నడిచారు. మ్యాచ్ 2-2 అయిపోయింది. గెలిచే మ్యాచ్‌ను వదిలేసి పోయారు చూడండి, అది నాకు 2005లో ఇస్తాంబుల్‌లో యూరప్ కప్పు గెలిచినదాని కన్నా పెద్దది. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి ధర 59కి దించి, రెండేళ్ళు కదపం అన్నారు. మనం నాలుగు వందల మెసేజ్‌లు పెట్టి ఏం సాధించాం? గుత్తి తమ్ముడి ఫోన్ హ్యాంగయింది.

గ్రూపులో ఇదంతా రాస్తే దుబాయ్ అన్న ఒక్క మాట అన్నాడు. "సీట్లు పెంచకపోతే డబ్బులు యాడివప్పా? డబ్బులు లేకపోతే వాన్ డైక్ లాంటి ఆటగాడు యాడోడు?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. సీజన్ టికెట్ కోసం ఏళ్ళ తరబడి లైనులో ఉన్నవాళ్ళున్నారు, పెంచిన ఏడు వేల సీట్లలో వాళ్ళలో కొందరైనా కూర్చున్నారు. పైగా 61 వేలు దాటామని ఎగిరినవాడిని నేనే. మా సందులో ఒక యునైటెడ్ అభిమాని ఉన్నాడు, వాడిది 74 వేల మైదానం, ఇప్పుడు లక్ష సీట్లది కడతామని బొమ్మ కూడా చూపించారు. వాడి ముందు తల ఎత్తుకోవడానికి నాకు ఆ సీట్లు కావాలి. వాళ్ళు 2013లో మేనేజర్ ఫెర్గూసన్ దిగిపోయిన దగ్గర నుంచి మోయెస్, వాన్ గాల్ మొదలు అమోరిమ్ దాకా మార్చుకుంటూ పోయి ఏం బావుకున్నారో కూడా వాడినే అడగండి. మన ఊళ్ళోనూ అంతే కదా. 2024 సెప్టెంబరులో ఆర్డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ ఆడించినప్పుడు చోటు లేక ఎండలో నిలబడి "ఇంకా పెద్దది కట్టాలప్పా" అన్నది నేనే. బంతి తన్నడం నేర్చుకున్న మైదానం అది. నేర్చుకునేటప్పుడు ఎప్పుడూ అనిపించలేదు చిన్నదని.

నా మొదటి ఎర్ర చొక్కా బెంగుళూరు మెజెస్టిక్ ఫుట్‌పాత్ మీద కొన్నది, కార్ల్స్‌బర్గ్ అని రాసి ఉండేది. అది బీరు పేరని తెలియక మా నాయన చంకల కింద చినిగితే మూడుసార్లు కుట్టిచ్చాడు. ఈ క్లబ్బు గురించి ఆయనకు తెలిసింది అదొక్కటే. నిన్న రాత్రి షాపు మూసే ముందు, గోడ గీత చూస్తూ, కెమ్లిన్ రోడ్డు అక్కచెల్లెళ్ళ కథ ఆయనకు చెప్పాను. మిషన్ ఆపి విన్నాడు. ఎవరి కథైనా మిషన్ ఆపి వినే మనిషి కాదు.

"ఆడోళ్ళు ఇద్దరేనా?"

"ఇద్దరే నాయనా."

"ఆఖరికి ఇచ్చినారా?"

"ఇచ్చినారు. చాలా ఏండ్లకు."

"డబ్బులు బాగా ఇచ్చింటారా వాళ్ళకు?"

నాకు తెలియదన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. టేపు చుట్టి జేబులో పెట్టుకుని, "రేపు ఎవరితో మ్యాచు?" అని అడిగాడు. ఆదివారం, వెస్ట్ హామ్‌తో అన్నాను. "సరే, షెట్టర్ ఆ పక్క పట్టుకో, ఇరుక్కుంటాంది" అన్నాడు. పట్టుకున్నాను. పదకొండేళ్ళుగా గ్రీజు పెట్టించని షెట్టర్ అది, సగం దాకా వచ్చి ఆగిపోయింది.