సవరణ: పాత ఆంపెగ్ బేబీ బేస్ కొనేముందు

1960ల నాటి ఆంపెగ్ బేబీ బేస్‌ను (నిలబెట్టి వాయించే ఎలక్ట్రిక్ బేస్ వాయిద్యం) పరీక్షించడంపై ఇంతకుముందు రాసిన పోస్టులో, ‘పికప్ అయస్కాంతంతో పనిచేసేది కాబట్టి స్టీలు తీగలే వేయాలి’ అని ఉంది. అది తప్పు. ఈ పికప్, అంటే కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం, తీగను నేరుగా పట్టుకోదు. తీగల్ని మోసే బ్రిడ్జి కాళ్లు ఒక లోహపు పలక మీద ఆనుతాయి. ఆ పలక కదలికనే కింది కాయిల్స్ (వైరు చుట్టలు) సిగ్నల్‌గా మారుస్తాయి. అందుకే గట్ (జంతువుల పేగుతో చేసిన) తీగలు కూడా చక్కగా మోగుతాయి. కాబట్టి గట్ తీగలున్న వాయిద్యం శబ్దం ఇవ్వకపోతే తీగల్ని తప్పుపట్టకండి, పికప్‌నే అనుమానించండి.

మల్టీమీటర్‌తో జాక్ (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర కొలిచి ఊరుకుంటే చాలదు. కాయిల్ తెగిపోయినా వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే భాగం) రెసిస్టెన్స్ మీటర్లో కనిపించి మోసం చేస్తుంది. అమ్మేవారు ఒప్పుకుంటే పికప్ వైరు ఒకటి విడదీసి, కాయిల్‌ను విడిగా కొలవండి. ఓపెన్ (అంటే సర్క్యూట్ తెగినట్టు) చూపిస్తే కాయిల్‌నో దాని వైరునో బాగుచేయించే ఖర్చు ధరలోంచి తగ్గించమనాలి.

పాత పోస్టులోని ‘జిగురు మరకలు అసిటోన్‌తో తుడవండి’ అన్న వాక్యాన్ని పూర్తిగా తీసేశాం. బాడీ ప్లాస్టిక్ అసిటోన్‌కు కరిగిపోతుంది! తడిగుడ్డ, కాస్త సబ్బు చాలు.

మెడ కలిసే చోట పగుళ్లు చూడాలన్న సూచన మాత్రం యథాతథం.