సవరణ: సుఖవ్యాధి పరీక్షల గోప్యత గురించి

కర్నూలులో సుఖవ్యాధి బయటపడితే రోగి పేరు, ఊరు జిల్లా వైద్యాధికారులకు వెళ్తాయని గత వారం రాశాను. అది తప్పు. క్షయకున్న నిబంధనను వీటికీ వర్తింపజేశాను. 2012 నుంచి క్షయ రోగుల వివరాలు ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి. సిఫిలిస్, గనేరియా అలా కాదు. ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌ల నెలవారీ నివేదికలో ఉండేవి అంకెలు: ఎంతమంది వచ్చారు, ఏ లక్షణాలతో వచ్చారు.

హెచ్‌ఐవీకి 2017 నాటి చట్టం ఉంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. కోర్టు ఆదేశం వంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఒకరికి హెచ్‌ఐవీ ఉందన్న సంగతి వారి సమ్మతి లేకుండా ఎవరికీ వెల్లడించకూడదు. భాగస్వామికి ప్రమాదం ఉన్నప్పుడు వైద్యుడు చెప్పవచ్చు. అయితే ముందుగా రోగికి తెలపాలి. రోగి మహిళ అయి, చెబితే ఆమెపై హింస జరుగుతుందన్న భయం ఉంటే చెప్పకూడదు.

నా పోస్టు చదివి, కడప నుంచి ఒక గర్భిణి సిఫిలిస్ పరీక్ష మానేయాలనుకుంటున్నట్టు రాశారు. ఆ ఉత్తరం నన్ను చాలా బాధపెట్టింది. అమ్మా, దయచేసి మానకండి. చికిత్స అందకపోతే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు. సకాలంలో ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇద్దరినీ కాపాడుతుంది. సందేహాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోను చేయవచ్చు. పాత పోస్టులో ఆ వాక్యాలు తీసేశాను.