దుమ్ముకు లెక్క చెప్పాల్సింది క్వారీ యజమానే

రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ సోకిన కార్మికుడు పరిహారం అడిగితే యజమాని వైపు నుంచి వినిపించే వాదనలు దాదాపు ఎప్పుడూ ఒకటే. అతను మా మనిషి కాడు, మేస్త్రీ తెచ్చుకున్న కూలీ. మా దగ్గర కొన్నాళ్లే చేశాడు, అంతకుముందు వేరే క్వారీల్లో చేశాడు. అతనిది టీబీ, పైగా బీడీలు తాగుతాడు. గడువు దాటాక వచ్చాడు.

ఆరోపణ ఎదుర్కొనే ఏ కంపెనీకైనా తన వాదన వినిపించుకునే హక్కు ఉంది. కానీ కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో గ్రానైట్ తొలిచేవారికి, కంకర క్రషర్ల దగ్గర పనిచేసేవారికి ఎదురయ్యే ఈ వాదనల బలమంతా కార్మికుడి చేతిలో కాగితం లేకపోవడంలోనే ఉంది. ఆ కాగితాన్ని రాసి భద్రపరచాల్సిన బాధ్యత యజమానిది.

గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం 20 నుంచి 60 శాతం దాకా ఉంటుంది. నీళ్లు పెట్టకుండా డ్రిల్లింగ్ చేస్తే లేచే దుమ్ములో కంటికి ఆనని రేణువులే ఎక్కువ ప్రమాదం. అవి ఊపిరితిత్తుల లోలోపలికి చేరి మచ్చలు కట్టిస్తాయి. ఆ మచ్చలను మాన్పే మందు లేదు. పని వదిలేసిన తర్వాత కూడా జబ్బు ముదురుతూనే ఉంటుంది. చాలామందిలో అది బయటపడటానికి పదేళ్లకు పైనే పడుతుంది, అప్పటికి మేస్త్రీ మారిపోతాడు, క్వారీ చేతులు మారుతుంది, హాజరు పుస్తకం మాయమవుతుంది.

టీబీ వాదన నాకు అన్నిటికంటే క్రూరంగా తోస్తుంది. సిలికా దుమ్ము పీల్చినవారికి టీబీ ముప్పు పెరుగుతుందని వైద్యులు ఎప్పుడో తేల్చారు. యజమాని సాకుగా చూపే జబ్బు చాలాసార్లు అతని క్వారీ దుమ్ము వల్లే వచ్చి ఉంటుంది. బీడీ పొగ ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, నిజమే. కానీ ఎక్స్‌రేలో కనిపించే సిలికోసిస్ గడ్డలను అది పుట్టించదు.

మిగతా వాదనలకు 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోనే జవాబులు ఉన్నాయి. సిలికోసిస్ లాంటి జబ్బు అనేక యజమానుల కింద పనిచేసినందువల్ల వస్తే వారందరూ పరిహారం పంచుకోవాలి, ఎవరి వాటా ఎంతో పరిహారం కేసులు విచారించే కమిషనర్ నిర్ణయిస్తారు. కాంట్రాక్టరు తెచ్చిన కూలీకి కూడా అసలు యజమానే బాధ్యుడు. రెండేళ్ల గడువును జబ్బు వల్ల పనికి రాలేకపోయిన తొలి రోజు నుంచి లెక్కించాలి. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారమూ కమిషనర్‌కు ఉంది. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ బాధ్యతలను తీసివేయలేదు.

ఇక కాగితాల సంగతి. చట్టం దృష్టిలో క్వారీ కూడా గనే. పనిలో చేర్చుకునేటప్పుడు ఒకసారి, ఆపైన ఐదేళ్లలోపు మరోసారి యజమాని ఖర్చుతో వైద్య పరీక్షలు జరగాలని 1955 గనుల నిబంధనలు చెప్పాయి. బొగ్గు గని కార్మికుల కుటుంబాలు ఉన్న ఉత్తర తెలంగాణకు ఈ పరీక్షలు కొత్తేమీ కావు. ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు మరింత ముందుకు వెళ్లింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా మానేసిన తర్వాత 15 ఏళ్లు, ఏది తర్వాత ముగిస్తే అప్పటిదాకా ఆరోగ్య రికార్డులు ఉంచాలని ఆదేశించింది. తన దగ్గర ఉండాల్సిన సాక్ష్యాన్ని చూపనివారికి అది ప్రతికూలంగానే ఉందని భావించే వీలు మన సాక్ష్య చట్టంలో ఎప్పటినుంచో ఉంది. సిలికోసిస్ కేసుల్లో ఆ వీలును నియమంగా పాటించాలి.

అలా కాకుండా రుజువు భారమంతా జబ్బు మనిషి మీద వేస్తే ఏమవుతుందో గుజరాత్ చూపింది. అక్కడి క్వార్ట్జ్ మిల్లుల్లో పనిచేసి చనిపోయిన మధ్యప్రదేశ్ ఆదివాసీలు 238 మంది కుటుంబాలకు 3 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. రాజస్థాన్ 2019లో విధానం తెచ్చి, వైద్య బోర్డు జబ్బును ధ్రువీకరిస్తే కార్మికుడికి ప్రభుత్వ సాయం అందే దారి ఏర్పరిచింది. మన క్వారీ కార్మికులకూ అలాంటి బోర్డు జిల్లా కేంద్రంలోనే అందుబాటులో ఉండాలి. ఈలోగా కేసు విచారణకు వచ్చిన ప్రతిచోటా కమిషనర్ కార్మికుడి బీడీల సంగతి ఆరా తీసేముందు, పనిలో చేరిన రోజు తీయించిన ఎక్స్‌రే ఎక్కడుందని యజమానిని అడగాలి.