వాంగ్మూలం మార్చే కొండకు

మహారాజశ్రీ షార్ప్ కొండ గారికి,
గేల్ బిలం నడిబొడ్డు, అంగారక గ్రహం.

ఉభయకుశలోపరి. తమరు నీటి వల్ల పుట్టారా, గాలి వల్లా అన్న పుట్టుపూర్వోత్తరాల ఫైలు ఇంకా తేలలేదు. తేలకపోగా ఏటికేడూ లావెక్కుతోంది.

ముందు పేరు సంగతి. నాసా వాళ్లు తమరిని భూవిజ్ఞాని రాబర్ట్ షార్ప్ పేరుతో పిలుస్తారు. అంతర్జాతీయ ఖగోళ సంఘం రికార్డుల్లో మాత్రం తమరు ఏయోలిస్ మోన్స్. మా దగ్గర రేషన్ కార్డులో ఓ పేరు, ఆధార్‌లో ఓ పేరు ఉంటే బియ్యం రావు. తమరికి ఏకంగా రోవరే, అంటే నాసా వారి రోబో బండే, వచ్చింది. ఇక బిలానికి పేరిచ్చిన వాల్టర్ గేల్ సిడ్నీలో బ్యాంకు ఉద్యోగి, నక్షత్రాలు ఆయన సరదా. పాపం, ఇలా పొంతన కుదరని పద్దు ఆయన ఖాతాలో పడింది.

154 కిలోమీటర్ల వెడల్పున్న గుంత మధ్యలో తమరు ఐదు కిలోమీటర్లు పైకి లేచారు. ఉత్తరపు గట్టు తమరి తల కంటే కిందే. తమరు చెరువు అడుగున పేరుకున్న పూడికైతే గట్టును మించి ఎలా పెరిగారు? గుంత మొత్తం నిండిపోయాక గాలి చుట్టూ చెక్కేసి తమరిని మిగిల్చిందని కొందరు. కాదు, పగలు గోడలెక్కి రాత్రి దిగే గాలులే ధూళిని నడిమధ్య కుప్ప పోశాయని 2013లో ఇంకొందరు.

ఆ రోవరు, పేరు క్యూరియాసిటీ, 2012 ఆగస్టులో దిగింది. మరుసటి ఏడాదికే తమరి గుమ్మం దగ్గరి రాళ్లు దాని అల్యూమినియం చక్రాలకు చిల్లులు పెట్టాయి. అతిథి మర్యాద బాగుంది! అయినా అది పాదం దగ్గరికొచ్చి వేలెడు లోతు తవ్వింది. పాత పుస్తకం అంచులా సన్నటి పొరల బురదరాయి కనబడింది. ఇది పేరుకున్నది సరస్సు అడుగునే అని 2014 డిసెంబరులో ప్రకటించారు. మేమూ చప్పట్లు కొట్టాం.

ఫోను అడ్డం తిప్పితే బొమ్మ తిరిగేలా చేసే పరికరం లాంటిదే రోవరులో ఉంటే, 2019లో దాంతో తమరి రాళ్ల బరువు తూచారు. ఘనమీటరుకు 1,680 కిలోలు. అంత గుల్ల రాయి నెత్తిన కిలోమీటర్ల పూడిక మోసిందంటే ఎవరు నమ్ముతారు? గాలి పక్షం మళ్లీ లేచి కూర్చుంది. సరే, పైకెళ్లే కొద్దీ నీరు ఇంకితే మిగిలే గంధక లవణాలు, అంటే ఎండిన కాలం అని మేం సర్దుకుంటుంటే, 2022 డిసెంబరులో సరిగ్గా అక్కడే తమరు రాతి మీద అలల ముద్రలు చూపించారు! కోర్టులో సాక్షి ఇలా మాట మారిస్తే జడ్జిగారు ఊరుకుంటారా?

నా అనుమానం చెప్పనా? తప్పు తమరిది కాదు, అర్జీ ఫారానిది. అందులో తండ్రి పేరుకు ఒక్క గడే ఉంది. నీరు, గాలి, ధూళి వంతులవారీగా పెంచిన బిడ్డ ఆ గడిలో ఏం రాస్తుంది? పైగా రోవరు ఇన్నేళ్లకీ తమరి నడుము దాకా కూడా ఎక్కలేదు. తల దగ్గర ఎవరి సంతకం ఉందో!

ఇట్లు,
ఫైలు మూసే ఆశ వదులుకున్న ఓ గుమాస్తా

తా.క.: కవరు అంటించబోతుండగా కబురొచ్చింది. 2024 మే 30న చక్రం కింద పడి తెల్లరాయి ఒకటి చిట్లిందట. లోపల పసుపుపచ్చగా మెరుస్తూ అచ్చమైన గంధకం పలుకులు. కొండను తవ్వితే ఎలుక దొరకడం విన్నాం గానీ, ఊరికే తొక్కితే గంధకమా? దీనికి వేరే ఫైలు తెరిచాను.